మెదక్ చర్చిని చూడాలంటే ఎండను బట్టి బయలుదేరండి

మొదటిసారి మెదక్ చర్చికి వెళ్లినప్పుడు మేం చేరేసరికి పొద్దుగూకింది. దారిలో టీ కోసం ఒకచోట, ఫొటోల కోసం ఇంకోచోట ఆగుతూ తాపీగా వెళ్లాం. లోపల లైట్లు వేసి ఉన్నాయి. ఎందరో గొప్పగా చెప్పిన రంగుటద్దాల గవాక్షాలు మూడూ నల్లటి పలకల్లా కనిపించాయి. అద్దం ముక్కల్ని కలిపే సీసపు పట్టీల గీతలు లీలగా కనబడ్డాయి తప్ప బొమ్మ ఒక్కటీ ఆనవాలు దొరకలేదు. దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు వెళ్లి, దేన్ని చూడాలని వెళ్లామో దాన్ని చూడకుండా తిరిగొచ్చాం.

ఆ గవాక్షాలకు దీపం సూర్యుడే. అద్దం బయట ఎండ ఉంటేనే లోపల బొమ్మ వెలుగుతుంది. పొద్దు గూకిందంటే లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ప్రయాణం మొత్తం వేరేగా వేసుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

వెళ్లే ముందు ఒక పది నిమిషాలు

ఏమీ తెలియకుండా వెళ్తే అది పెద్ద రాతి కట్టడంగా కనబడుతుంది, అంతే. కొంచెం కథ తెలిసి వెళ్తే ఒక్కో స్తంభం దగ్గరా కాలు ఆగుతుంది.

బ్రిటిష్ కాలపు చర్చి అంటాం కానీ మెదక్ ఎప్పుడూ నేరుగా బ్రిటిష్ పాలనలో లేదు. అప్పుడది నిజాం రాజ్యం. ఆంగ్లేయుల సైన్యం సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉండేది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు (ఒక ప్రొటెస్టెంటు శాఖ) మిషనరీ 1895లో సికింద్రాబాద్‌కు వచ్చి, తిరుమలగిరిలోని ఆంగ్ల సైనికుల మధ్య పని మొదలుపెట్టారు. సైన్యం మధ్య పని ఆయన మనసుకు పట్టలేదు. ఊళ్లలోకి వెళ్లాలనుకున్నారు, మెదక్ చేరారు. హైదరాబాద్ నుంచి మెదక్‌కు అప్పట్లో గుర్రం మీద రెండు రోజుల దారి. ఆయన సోదరి ఎమిలీ పోస్నెట్ కూడా మెదక్ వచ్చి వైద్యసేవలో పనిచేశారు. పోస్నెట్ దొర అంటే ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లకు ఇప్పటికీ తెలుసు.

చర్చి పని 1914లో మొదలైంది. అటు మొదటి ప్రపంచ యుద్ధం, ఇటు కరువు. తిండి లేక జనం అల్లాడుతున్నారు. ఊరికే గంజి పోస్తే అది ఒక పూటతో సరి, పైగా చేయి చాపి తీసుకోవడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పోస్నెట్ పని ఇచ్చి, పనికి తిండి పెట్టారు. ఈనాడు మనం పనికి ఆహార పథకం అంటున్నది అదే. రాళ్లు మోసినవాళ్లు, చెక్కినవాళ్లు, సున్నం కలిపినవాళ్లు, నీళ్లు తెచ్చినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల కూలీలు. పదేళ్లు అలా సాగి 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది.

మెదక్ అన్న పేరు ‘మెతుకు’ నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. ఈ ప్రాంతాన్ని మెతుకు సీమ అంటారు. ఆ మెతుకు దొరకని కాలంలో, మెతుకు కోసం లేచిన గోడలివి. నాకైతే ఈ చర్చిలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. శిఖరం ఎత్తు, రంగుటద్దాలు దీని తర్వాతే. నమూనా ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా, గ్యాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థది. వాళ్ల పేరు కాగితాల మీద ఉంది. రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం చాలావరకు ఆ రాళ్లలోనే కలిసిపోయాయి. పిల్లల్ని తీసుకెళ్తే ఈ మాట మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇంకొక్కటి తెలిసి ఉండాలి. ఇది సీఎస్‌ఐ చర్చి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, మరికొన్ని ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్‌ఐగా ఏర్పడ్డాయి. మెదక్ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతం, అందులోకి వచ్చింది. బిషప్పు ఆసనం ఇక్కడ ఉంటుంది కాబట్టే దీన్ని కెథడ్రల్ అంటారు. బెజవాడ గుణదల మాత గుడికో వేళాంగణికో వెళ్లి వచ్చినవాళ్లు అదే మనసులో పెట్టుకుని ఇక్కడికి వస్తారు. అవి కతోలిక ఆలయాలు. మాత విగ్రహం, పునీతుల విగ్రహాల కోసం ఇక్కడ వెతక్కండి. ఇక్కడ బొమ్మలన్నీ అద్దాల్లోనే ఉన్నాయి.

రోజు, వేళ

బలిపీఠం ఉత్తరం వైపు ఉంది. దాని వెనక ఉన్న గవాక్షంలో క్రీస్తు ఆరోహణం, అంటే ఆయన పరలోకానికి ఎక్కిపోవడం. బలిపీఠానికి ఎదురుగా నిలబడితే మీ ఎడమచేతి వైపు, అంటే పడమటి గవాక్షంలో యేసు పుట్టుక. కుడిచేతి వైపు, తూర్పున, సిలువ. ఇది గుర్తు పెట్టుకుంటే మీ వేళ మీరే లెక్కగట్టుకోవచ్చు.

పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది, పదిన్నర దాకా తూర్పు అద్దాలదే రాజ్యం. సిలువ బొమ్మ ఆ వేళలోనే నిండుగా వెలుగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ అటు తిరిగి పడమటి గవాక్షం, అంటే పుట్టుక బొమ్మ అందుకుంటుంది. ఉత్తరపు గవాక్షానికి ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ తగలదు. కాబట్టి దాని మీద వెలుతురు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు. ఎప్పుడు చూసినా నెమ్మదిగా, సమంగా ఉంటుంది. కథ ప్రకారం పుట్టుక ముందు, సిలువ తర్వాత. సూర్యుడు మాత్రం పొద్దున సిలువను చూపించి సాయంత్రానికి పుట్టుక దగ్గరికి వస్తాడు. రెండూ చూడాలంటే రోజంతా మెదక్‌లో ఉండాలి. ఉండగలిగితే అదే మంచిది.

ఒక్క పూటే కుదురుతుందంటే నా మాట విని పొద్దున్నే వెళ్లండి. జనం తక్కువ, చల్లగా ఉంటుంది, హాలు దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజని మానుకోనక్కరలేదు. ఎండ సూటిగా పడితే నేల మీద, స్తంభాల మీద రంగులు ఒలుకుతాయి. మబ్బుగా ఉంటే ఆ ఒలకడం ఉండదు కానీ అద్దంలోని నీలాలు, ఎరుపులు ఇంకా చిక్కగా కనబడతాయి. వాన మాత్రం కుండపోత కాకపోతే చాలు.

నెలల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఆవరణలోని బండలు అరికాళ్లను కాల్చేస్తాయి. అప్పుడు పదింటికల్లా చూసేసి బయటపడాలి.

ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది. ప్రార్థనలో కూర్చోవాలని వెళ్తే ఆదివారమే సరి. కట్టడం తీరిగ్గా చూడాలంటే మామూలు పనిదినం ఎంచుకోండి. పెళ్లిళ్ల రోజుల్లో లోపల ఏదో ఒక వేడుక జరుగుతుండవచ్చు. అలాంటప్పుడు బయట కాసేపు ఆగి, వాళ్ల పని అయ్యాక వెళ్లండి.

దారి

హైదరాబాద్ నుంచి మెదక్ సుమారు 95 నుంచి 100 కిలోమీటర్లు, మీరు ఊళ్లో ఎక్కడి నుంచి బయలుదేరుతున్నారన్నదాన్ని బట్టి. బండి ఉంటే బాలానగర్, గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల, నర్సాపూర్, కౌడిపల్లి, కొల్చారం మీదుగా వెళ్లే రోడ్డు బాగుంటుంది. నర్సాపూర్ దగ్గర అడవి తగులుతుంది. రోడ్డు పక్కన కోతులు గుంపులుగా ఉంటాయి. వాటికి బిస్కెట్లు, అరటిపండ్లు వేయకండి. అలవాటు పడి అవి బండ్ల కిందికి వస్తున్నాయి. అక్కడ నెమ్మదిగా నడపండి. రెండో దారి నిజామాబాద్ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద రామాయంపేట దాకా వెళ్లి ఎడమకు తిరగడం. మేడ్చల్, తూప్రాన్ వైపు ఉండేవాళ్లకు అది వీలు.

ఎనిమిదిన్నరకు తూర్పు గవాక్షం ముందు ఉండాలంటే నగరంలో ఐదున్నరకు, ఆలస్యమైతే ఆరింటికి బండి కదలాలి. బాలానగర్ దాటేదాకా ట్రాఫిక్కుదే భారం, తర్వాత రోడ్డు ఖాళీ.

బస్సులో వెళ్లేవాళ్లు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్టాండుకు వెళ్లండి. మెదక్ బస్సులు అక్కడి నుంచి దొరుకుతాయి. తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు సంచిలో పెట్టుకోండి. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు, దాన్ని పారేయకండి.

రైలు మెదక్‌కు చాలా ఆలస్యంగా వచ్చింది. అక్కన్నపేట నుంచి మెదక్ వరకు 17 కిలోమీటర్ల కొత్త లైను 2022 సెప్టెంబరులో తెరిచారు. అప్పటిదాకా జిల్లా పట్టణానికి రైలే లేదు. కాచిగూడ నుంచి ప్యాసింజరు నడుస్తుంది. మేడ్చల్ మీదుగా పొలాలు చూసుకుంటూ వెళ్లొచ్చు, ఖర్చు కూడా తక్కువ. కానీ రైళ్లు పలచన. బయలుదేరే ముందు రోజు సమయం చూసుకుని, మీరు చేరే వేళకు ఏ గవాక్షానికి ఎండ ఉంటుందో లెక్క చూసుకోండి. స్టేషను నుంచైనా బస్టాండు నుంచైనా చర్చి దగ్గరికి ఆటో మాట్లాడుకుంటే చాలు. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. అడగనక్కర లేకుండానే శిఖరం కనబడుతుంది.

అక్కడికి చేరాక

గేటు దాటగానే లోపలికి పరుగెత్తకండి. ఆవరణ పెద్దది, చెట్లున్నాయి. ముందు దూరం నుంచి చూడండి. గంట గోపురం 175 అడుగులు. మెడ ఎత్తి చూస్తే సరిపోదు, ఇంకా వెనక్కి జరగాలి. దగ్గర్నుంచి ఫోన్లో ఫొటో తీస్తే శిఖరం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వెనక్కి నడిచి చెట్ల దగ్గరి నుంచి తీస్తే నిటారుగా వస్తుంది.

ఇది గోతిక్ శైలి కట్టడం. ఆ మాటకు అర్థం తెలియాలంటే మన కోటల గుమ్మాల్ని, మసీదుల్ని తలచుకోండి. కమానులు మనకు కొత్త కావు. ఇక్కడి కమానులన్నీ పైన కోసుగా, అంటే మొనదేలి కలుస్తాయి. ఆ కోసు అందం కోసమే కాదు. గుండ్రటి కమాను బరువును పక్కలకు ఎక్కువగా తోస్తుంది. కోసు కమాను బరువును ఎక్కువగా కిందికి దించుతుంది. అందుకే గోడల్ని ఎత్తుగా లేపి వాటిలో అంతంత పెద్ద గవాక్షాలు పెట్టగలిగారు. ఈ రహస్యం తెలిశాక ఏ పాత చర్చికి వెళ్లినా ముందు కమానుల కొసలు చూస్తారు.

మెట్ల దగ్గర చెప్పులు విడిచి ఉంటే మీరూ విడవండి. ఫోను సైలెంటులో పెట్టండి. బట్టల గురించి ఎవరూ చెప్పనక్కరలేదు, గుడికి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తామో అలాగే. టోపీ పెట్టుకుని ఉంటే మగవాళ్లు తీసేయాలి. ఆడవాళ్లలో చాలామంది కొంగో చున్నీయో తల మీద కప్పుకుంటారు. చూడటానికి వచ్చినవాళ్లు తప్పనిసరిగా కప్పుకోవాలని కాదు, కప్పుకుంటే మర్యాదగా ఉంటుంది.

లోపలికి అడుగు పెట్టగానే మీ చూపు అద్దాల వైపు పోతుంది. పోనీయండి. ఒక నిమిషం చూశాక మాత్రం కళ్లు కిందికి దించండి, ఎందుకంటే చాలామంది చూడకుండా తొక్కుకుంటూ పోయేది నేలనే. ఆరు రంగుల మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి తెప్పించారు. వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. సముద్రం దాటి, రైలెక్కి, చివరి దారి బండ్ల మీద ఆ పలకలు మెదక్ దాకా పగలకుండా వచ్చాయంటే ఎంత జాగ్రత్తగా కట్టి ఉంటారో! వందేళ్లుగా జనం నడుస్తున్నా ఆ నమూనా ఇంకా చక్కగా కనబడుతోంది. వంగి, వేలితో అతుకుల మీద రాసి చూడండి.

తర్వాత స్తంభాలు. బాగా చెక్కిన బూడిదరంగు రాయి, మొత్తం గ్యాలరీ బరువంతా వాటి మీదే. ఒకదాని పక్కన నిలబడి అరచెయ్యి ఆనించండి. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. ఉలి దెబ్బలు ఎక్కడ పడ్డాయో వెతకండి. కరువులో పొట్ట చేతబట్టుకుని వచ్చిన మనుషుల పనితనం కళ్లకు అందేది అక్కడే.

హాలు పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అయిదు వేల మంది పడతారు. అంత పెద్ద హాల్లో మైకు లేని రోజుల్లో ప్రసంగం ఎలా వినబడింది? రాతి గోడల మధ్య మాట ప్రతిధ్వనించి ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోవాలి. ఆ ఇబ్బంది లేకుండా పైకప్పు లోపలి వైపు స్పాంజిలా గుల్లగా ఉండే పదార్థం వాడారు. అది శబ్దాన్ని పీల్చుకుంటుంది. హాలు ఖాళీగా ఉంటే మీతో వచ్చినవాళ్లను అటు చివర నిలబెట్టి మామూలు గొంతుతో ఒక మాట అనమనండి. అరవడం, చప్పట్లు కొట్టడం వద్దు. ఎవరో ఒకరు మూల కూర్చుని ప్రార్థన చేసుకుంటూ ఉండొచ్చు.

ఇప్పుడు గవాక్షాల దగ్గరికి రండి. వీటిని లండన్‌కు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపొందించారు. ఆయన ఇంగ్లండు రాజకుటుంబం చిత్తరువులు గీసిన పేరున్న కళాకారుడు. బతుకు మొదలుపెట్టింది మాత్రం అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో. మూడు గవాక్షాలూ ప్రతిష్ఠ నాటికి సిద్ధంగా లేవు, తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

దూరం నుంచి అది ఒకే పెద్ద అద్దం మీద వేసిన బొమ్మలా ఉంటుంది. నిజానికి ఒక్కో రంగుకు ఒక్కో ముక్క. గాజు కరిగేటప్పుడే లోహపు లవణాలు కలిపి దానికి రంగు ఎక్కిస్తారు. కోబాల్టు కలిపితే నీలం వస్తుంది, రాగి కలిపితే కొలిమిలోని వేడి తీరును బట్టి ఆకుపచ్చో ఎరుపో వస్తుంది. ఆ పలకల్ని బొమ్మకు తగ్గట్టు ముక్కలుగా కోస్తారు. ముఖాల్లోని కళ్లు, ముక్కు, బట్టల మడతలు ముదురు రంగుతో గీసి మళ్లీ కొలిమిలో కాల్చి గాజులోకి దించుతారు. అన్నిటినీ సీసపు పట్టీలతో కలిపి కుడతారు. మొదటిసారి పొద్దుగూకాక నాకు కనబడిన నల్లగీతలు ఆ కుట్లే.

చూసే పద్ధతి ఇదీ. గవాక్షం కిందికి వెళ్లి తల ఎత్తి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ దక్కదు. దానికి ఎదురుగా, హాలుకు అవతలి వైపు దాకా వెళ్లి కూర్చోండి. ఫోను జేబులో పెట్టేయండి. మొదటి రెండు నిమిషాలు రంగులే కనబడతాయి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడ్డాక మనుషుల ముఖాలు ఒక్కొక్కటీ విడివడతాయి. పిల్లలకైతే ఎవరెవరున్నారో లెక్కపెట్టమని చెప్పండి, కదలకుండా చూస్తారు. ఒక్కో గవాక్షానికి పది నిమిషాలైనా ఇవ్వాలి. ఎండ కదులుతున్నకొద్దీ నేల మీద పడిన రంగు కూడా జరుగుతుంది. మొజాయిక్ పలకల గీతను గుర్తు పెట్టుకుని చూస్తే అది ఎంత జరిగిందో తెలుస్తుంది.

ఫొటోల సంగతి. లోపల తీయవచ్చో లేదో అక్కడ ఉన్న సంఘం మనిషిని అడిగి తీయండి. ఫ్లాష్ వద్దు, వేస్తే అద్దం బొమ్మ చచ్చిపోతుంది కూడా. ఫోన్లో గవాక్షం మీద వేలు నొక్కి పట్టి వెలుతురు కొంచెం తగ్గించండి. చుట్టూ నల్లగా అయిపోతుంది, అద్దం రంగు అసలు రంగులో వస్తుంది. బలిపీఠం చుట్టూ ఉన్న కటకటాలు దాటి లోపలికి వెళ్లకండి. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల అక్కడ ఉంటుంది. అది సెల్ఫీలు తీసుకునే చోటు కాదు. ప్రార్థన చేస్తున్న మనుషుల్ని అస్సలు తీయకూడదు.

ప్రార్థన చేయించుకోవాలనుకుంటే అయ్యగారిని అడగండి. సీఎస్‌ఐ సంఘాల్లో పాస్టరును అయ్యగారు అనే పిలుస్తారు. మీ మతం ఏమిటని అక్కడ ఎవరూ అడగరు. చుట్టుపక్కల హిందువులు, ముస్లింలు కూడా మొక్కుకుని వస్తారు, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లను కూడా నేను చూశాను. కొవ్వొత్తి వెలిగించాలంటే దానికి కేటాయించిన చోటే వెలిగించండి. స్తంభాల మొదళ్లలో, గట్ల మీద పెడితే మైనం కారి రాయి పాడవుతుంది. గోడల మీద పేర్లు చెక్కే చేతుల గురించి వేరే చెప్పాలా? ఆ రాయి చెక్కినవాళ్లు తమ పేరు రాసుకోలేదు.

క్రిస్మస్‌కు వెళ్లేవాళ్లకు

డిసెంబరు 25 మెదక్‌లో జాతరే. తెల్లవారుజామున చీకటితోనే తొలి ఆరాధన మొదలవుతుంది. తెలంగాణ ఊళ్ల నుంచే కాక పక్క రాష్ట్రాల నుంచీ జనం ముందురోజు రాత్రే చేరుకుని ఆవరణలో దుప్పట్లు పరుచుకుంటారు. 2024లో నూరేళ్లు నిండిన క్రిస్మస్‌కు ముఖ్యమంత్రి కూడా వచ్చారు.

ఆ రోజు వెళ్తే కట్టడం చూస్తామనే ఆశ వదిలేసి, జనాన్ని చూడటానికి వెళ్లండి. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, స్వెటరు, శాలువా తప్పనిసరి. బండి ఊరి బయటే ఆపాల్సి వస్తుంది, కాబట్టి నడవగలిగినవాళ్లే వెళ్లడం మంచిది. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చెట్టో గేటో అనుకోండి. ఆ గుంపులో ఫోన్లు సరిగా కలవవు.

ఆరాధనలో కూర్చునే వీలు దొరికితే పాటలు వినండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి రాగం, తాళం వేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దపు కవి పురుషోత్తమ చౌదరి రాసినవి ఇప్పటికీ పాడతారు. ఇంగ్లండు నమూనా కమానుల కింద మన రాగంలో మన తెలుగు పాట, వేల గొంతులు కలిసి పాడితే ఒంటి మీద రోమాలు లేస్తాయి. తెల్లవారుతుండగా తూర్పు గవాక్షం మెల్లగా రంగు తేలడం ఆ పాటల మధ్యే చూడాలి.

గుడ్ ఫ్రైడే, ఈస్టర్ రోజుల్లో కూడా రద్దీ ఉంటుంది, క్రిస్మస్ అంత కాదు.

అక్కడ వినబడే కొన్ని మాటలు

ఆసియాలోనే అతి పెద్ద చర్చి అని ఒకరు, వాటికన్ తర్వాత రెండోది అని ఇంకొకరు చెప్తారు. ఊరి మీద ప్రేమతో అనే మాటలు అవి, వాటితో వాదానికి దిగకండి. కానీ మీరు ఇంటికొచ్చి అదే మాట ఇంకొకరికి చెప్పకండి. వాటికన్‌ది కతోలిక సంఘం, ఇది ప్రొటెస్టెంటు సంఘం. ఆ రెంటినీ ఒక వరసలో పెట్టి కొలవడమే కుదరదు. దక్షిణ భారతంలోని గొప్ప చర్చిలలో ఇదొకటి. ఆ మాట చాలు, అది నిజం కూడా.

చార్మినారు కన్నా ఎత్తుగా లేస్తుందని తెలిసి నిజాం అడ్డుపడ్డాడన్న కథ కూడా వినబడుతుంది. కథగా వినండి, బాగుంటుంది.

మిగిలిన పూట ఏం చేయాలి

పొద్దున తూర్పు గవాక్షం చూసి, సాయంత్రం పడమటిది చూడాలనుకుంటే మధ్యలో అయిదు గంటలు ఖాళీ. దగ్గర్లోనే మెదక్ ఖిల్లా ఉంది. కాకతీయుల నాటిదని చెప్తారు, తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. కొండ ఎక్కాలి, నీళ్లు తీసుకెళ్లండి. పైనుంచి ఊరంతా కనబడుతుంది, ఊరి మధ్యలో చర్చి శిఖరం కూడా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఖిల్లా మానేసి ఏడుపాయలకు వెళ్లండి. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి. శివరాత్రి జాతర రోజుల్లో మాత్రం ఆ దారిలోకి వెళ్లొద్దు. వానాకాలంలో వరద వస్తే నీళ్లు గుడిని ముంచేస్తాయి, మూసేస్తారు. అందుకని ముందే కనుక్కోండి. పోచారం చెరువు, దాని పక్కన అభయారణ్యం ఇంకోవైపు. మూడూ ఒక్క రోజులో ఇరికించాలని చూస్తే దేన్నీ చూసినట్టుండదు.

ఎక్కడికి వెళ్లినా మూడింటికల్లా చర్చికి తిరిగి రండి. పొద్దున మీరు కూర్చున్న వైపుకు ఎదురుగా, తూర్పు గోడ దగ్గర చోటు చూసుకుని కూర్చోండి. నాలుగు నాలుగున్నర మధ్య పడమటి గవాక్షం నిండుగా వెలుగుతుంది. చలికాలమైతే అయిదు దాటగానే రంగులు పలచబడటం మొదలవుతుంది. అప్పుడు లేచి బయలుదేరితే నర్సాపూర్ అడవి పూర్తిగా చీకటి పడకముందే దాటిపోతారు.